రాగులు కొరికి చూసే రామలక్ష్మమ్మ

కుందుర్పికి అవతల, కర్ణాటక పొలిమేరకు ఇవతల ఉలవగుట్ట అని ఒక పల్లె. ఆ పల్లెకంతా ఉన్నది ఒకటే పిండి మిషన్, దాన్ని నడిపేది రామలక్ష్మమ్మ. మిషన్ యజమానురాలంటే కుర్చీలో కూర్చుని పెత్తనం చేసే మనిషి అనుకునేరు. అదేం కాదు. చనిపోయిన భర్త పొడుగు చేతుల చొక్కా చీర మీద తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని, కనురెప్పల దాకా పిండి పూసుకుని పనిచేసే మనిషి. చొక్కా ఎందుకంటే, భర్త ఎర్రప్ప పోయిన కొత్తలో ఒకరోజు ఆమె కొంగు మిషన్ బెల్టులో పడింది. బెల్టు కొంగును లాగింది, కొంగు ఆమెను లాగింది. గోడకున్న ఇనుప కొక్కెం పట్టుకుని వేలాడింది కాబట్టి మనిషి దక్కింది, చీర దక్కలేదు. మర్నాటి నుంచి చొక్కా తొడుక్కోకుండా మిషన్ దగ్గరికి పోలేదు. అది చూసి ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్విన వాళ్ళ జొన్నలు ఆ రోజు అందరికన్నా ఆఖరున మిషన్లో పడ్డాయి.

ఏళ్ళ తరబడి ఆ మోత పక్కన నిలబడితే చెవులు నిలుస్తాయా? ఆమెకు చెవుడు వచ్చింది. ఎదురుగా నిలబడి గొంతు చించుకుంటే తప్ప మాట అందదు. కాని ఆ సంగతి ఆమె ముందర ఎత్తితే మీ పని అయిపోయినట్టే. "నాకు చెవుడా? మీరే నోట్లో గుగ్గిళ్ళు పెట్టుకోని మాట్లాడతాండారు" అని ఎదురు తిడుతుంది.

ఆమెకు ఇంకొక అలవాటు ఉంది, ఊళ్ళో దాన్ని ఎరగని వాళ్ళు లేరు. మా వైపు రాగులు పిండి ఆడించే ముందు గాలించి రాళ్ళు తీసి, కడిగి, మిద్దె మీద ఆరబోస్తారు. బాగా ఎండిన గింజ పిండి కొన్నాళ్ళు నిలుస్తుంది. చెమ్మ మిగిలిందంటే రెండు మూడు రోజులకే గడ్డకట్టి, ముక్కిపోయిన వాసన కొట్టి, పశువులు కూడా మూతి తిప్పుకుంటాయి. అందుకని ఎవరి గంప వచ్చినా రామలక్ష్మమ్మ చేయి అడుగుదాకా దించి, చిటికెడు గింజలు తీసి నోట్లో వేసుకుంటుంది. పంటి కింద గట్టిగా పగిలితే గంప ముందుకు, మెత్తగా అణిగితే ఇంటికి. "ఇంగొక ఎండ చూపించి తీసకరా పో" అంటుంది. ఇంట్లో అల్లుడు కూర్చున్నాడన్నా, పొయ్యి మీద ఎసరు మరుగుతోందన్నా, ఆమె పన్ను ఒప్పుకోనిదే ఆ గంప కదలదు. కోపం వచ్చి తిట్టుకుంటూ పోయిన వాళ్ళందరూ మర్నాడు ఎండబెట్టుకుని మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చారు.

ఒకప్పుడు ఆ మిషన్ ముందర గంపలూ డబ్బాలూ బారులు తీరేవి. మనుషులు వరుసలో నిలబడరు, గంపలే నిలబడతాయి. మనుషులు ఎదురింటి అరుగు మీద కూర్చుని, పెళ్ళిళ్ళు కుదిర్చి, తగాదాలు పెట్టి, మళ్ళీ తీర్చి, పిండి తీసుకుని ఇంటికి పోయేవాళ్ళు. తర్వాత చౌక బియ్యం వచ్చి సంగటి తగ్గింది. టౌన్లో ప్యాకెట్ పిండి దొరకసాగింది. షుగరు వచ్చిన వాళ్ళు, పళ్ళు లేని వాళ్ళు తప్ప రోజూ ముద్ద తినే ఇళ్ళు సగమైపోయాయి. మిషన్ పొద్దున కాసేపు తిరిగి, మిగతా రోజంతా నిద్రపోతోంది. దానికి తోడు రామలక్ష్మమ్మ కుడి భుజం పట్టేసింది. గంప తల ఎత్తుకు లేపి మిషన్ తొట్టిలో పోయాలంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

కొడుకు లక్ష్మీపతి సరుకుల ఆటో తోలతాడు. మంచివాడే, కాని మిషన్ అంటే గిట్టదు. చిన్నప్పటి నుంచి ఒళ్ళంతా పిండితో ఉన్న నాయనను, అమ్మను చూసి విసిగిపోయిన మనిషి. "అమా, నీకు చేతకాదు, నాకు తీరిక లేదు. దీన్ని అమ్మేసి ఆ రూములో సెల్‌ఫోన్ల అంగడి పెడదాం" అని ఒకటే పోరు. హిందూపురం నుంచి పాత మిషన్లు కొనే వ్యాపారిని పిలిపించాడు కూడా. ఆ పెద్దమనిషి మిషన్ చుట్టూ తిరిగి, గింజలు నలిపే రాళ్ళను చెప్పుకాలితో తట్టి చూశాడు. ఆ చెప్పుకాలు చూసి రామలక్ష్మమ్మ కడుపు భగ్గున మండింది. అయినా భుజం గుర్తొచ్చి, "ఉగాది పోనీలే" అంది. అనడమే ఆలస్యం, ఉగాది మర్నాడు లారీ పంపమని లక్ష్మీపతి మాట ఇచ్చేశాడు. గంప ఎత్తే భుజం ఒకటి దొరికితే మిషన్ ఉంటుంది, దొరక్కపోతే ఉగాది మర్నాడు లారీ ఎక్కుతుంది.

సరిగ్గా అప్పుడు కరోనా వచ్చిపడింది.

ఆదివారం నాడు ఎవరూ గడప దాటొద్దని టీవీలో చెప్పారు. ఒక్క ఆదివారంతో పోతుందా, నెలలు పడుతుందా, చెప్పేవాడు లేడు. తెలియని చోట భయానికి కాళ్ళు వస్తాయి కదా, శనివారం సాయంత్రం ఊరంతా బుడేన్ సాబ్ అంగడి మీద పడింది. ముందు ఉప్పు పోయింది, తర్వాత అగ్గిపెట్టెలు, సబ్బులు, బీడీలు. ఆ తర్వాత చేతికి ఏది తగిలితే అది. తిరుపతిలో గుండు చేయించుకుని వచ్చిన ఒకాయన తలనూనె సీసాలన్నీ సంచిలో వేసుకున్నాడు. ఇంట్లో చదివే పిల్లలే లేని ఒక ముసలమ్మ పలక, బలపాలు కొంది. "ఎందుకవ్వా నీకు?" అని బుడేన్ సాబ్ అడిగితే, "అందరూ కొంటాండారు, నేను ఉత్త చేతుల్తో పోతే బాగుంటాదా?" అంది. చీకటి పడేలోగా అంగట్లో తక్కెడ తప్ప ఏమీ మిగల్లేదు. దాన్ని కూడా ఒకాయన బేరమాడాడు.

అంగడి ఖాళీ అయితే భయం సద్దుమణుగుతుందనుకున్నారా? అది ఇళ్ళల్లోకి దూరింది. ఇళ్ళల్లో ఏమున్నాయి? రాగులున్నాయి. కరువు కాలానికని డ్రముల్లో, మూటల్లో దాచుకున్న రాగులు. గింజ గింజగా ఉంటే ఏళ్ళకేళ్ళు చెడవని ఈ సీమలో నడక నేర్చిన ప్రతి పిల్లకూ తెలుసు. తెలిసీ ఏం లాభం? సోమవారం తెల్లారేసరికి ఊరందరి బుర్రలో ఒకటే ఆలోచన: ఉన్న రాగులన్నీ ఇప్పుడే పిండి ఆడించేసుకోవాలి.

రామలక్ష్మమ్మ మిషన్ తలుపు తెరిచి నిలబడిపోయింది. గుమ్మం నుంచి వీధి మలుపు దాకా సంచులు, గంపలు, డబ్బాలు, బిందెలు. ఒకరు స్నానాల గంగాళంలో తెచ్చారు. ఎర్రప్ప ఉన్న రోజుల్లో కూడా ఇంత బారు చూడలేదు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, ఇంట్లోకి తొంగిచూసి ఒక్క కేక పెట్టింది.

"ఒరే లచ్చుమపతీ! అమ్ముతానంటివే మిషన్ను! వచ్చి చూడరా ఈడ, తిరునాళ్ళ మాదిరి ఉండారు జనం!"

ఆటో తిరగడానికి లేదు కాబట్టి లక్ష్మీపతి ఇంట్లోనే ఉన్నాడు. బయటికి వచ్చి చూసి, "ఇది భయం గిరాకీమా, నాలుగు దినాలుంటే ఎక్కువ" అన్నాడు. అన్నాడు కాని, తల్లి భుజంతో అన్ని సంచులు ఎత్తలేదని వాడికీ తెలుసు. లుంగీ ఎగ్గట్టి మొదటి సంచి భుజాన వేసుకున్నాడు.

ఆశా కార్యకర్త జయంతి సున్నం బకెట్టుతో పరుగున వచ్చింది. మనిషికీ మనిషికీ ఎడం ఉండాలని వీధి పొడుగునా గుండ్రాలు గీసింది. జనం ఎంతో బుద్ధిగా ఒక్కో గుండ్రంలో ఒక్కో గంప పెట్టి, తాము మాత్రం ఎప్పటిలాగే ఎదురింటి అరుగు మీద ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. జయంతి నెత్తి కొట్టుకుంది.

"గంపలకు రాదు రోగం! మీకు వస్తాది! లేసి పోయి గుండ్రాల్లో నిలబడండప్పా!"

అందరినీ లేపి నిలబెట్టి ఇటు తిరిగేసరికి, రామలక్ష్మమ్మ ఒక గంపలోంచి చిటికెడు రాగులు నోట్లో వేసుకుంటోంది. జయంతి అక్కడి నుంచే అరిచింది.

"పెద్దమ్మా! ఊరందరి గింజలూ నోట్లో వేసుకుంటాండావే! ఎవురి చెయ్యి ఎట్లాంటిదో ఏమో! ఊసేయ్, ఊసేయ్! మూతికి గుడ్డ కట్టు!"

జయంతి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. రామలక్ష్మమ్మ మంచికి ఎదురు చెప్పే మనిషి కాదు. తలకున్న తువ్వాలు విప్పి ముక్కూ మూతీ కలిపి గట్టిగా బిగించింది. ఆ తర్వాత చేత్తో తడిమి, "సరే, పో ముందుకు" అనడం మొదలుపెట్టింది. పైన గింజ గలగలమంటూనే ఉంది. లోపల చెమ్మ సంగతి చేతికి ఏం తెలుస్తుంది? పైగా పోలీసులు పొద్దున కాసేపే తెరవనిస్తామన్నారు. వెనక నుంచి "తొందరగా కానీ అక్కా", "ఎండ ఎక్కుతాంది వదినా" అని ఒకటే గోల. ఆ గోల ఆమెకు వినపడకపోయినా, చేతులు ఊపుతూ ఎగిరెగిరి పడుతున్న జనం కనపడుతున్నారు. ఆ చేతులను చూస్తే ఆమెకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

సోమవారం అట్లా గడిచింది. మంగళవారం ఉగాది ముందరి కొత్త అమావాస్య. ఏ ఏడైనా ఆ రోజు మిషన్ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, విశ్రాంతినిచ్చేది. ఈసారి జనం వింటేనా? పసుపు బొట్లు పెట్టిన మిషనే గిర్రున తిరిగింది. లక్ష్మీపతి సంచి మీద సంచి ఎత్తాడు. వాడి మీసాలు తెల్లబడ్డాయి, కనుబొమ్మలు తెల్లబడ్డాయి. వరుసలో ఒక ముసలాయన వాణ్ణి చూసి, "అచ్చం ఎర్రప్ప లేసి వచ్చినట్టుండాడే!" అని మురిసిపోయాడు. లక్ష్మీపతి మూతి ముడుచుకున్నాడు కాని చొక్కా దులుపుకోలేదు.

బుడేన్ సాబ్ కూడా తన రాగులు తెచ్చాడు. అంగట్లో అమ్మడానికి ఏమీ లేదు, మనిషికి పొద్దుపోవడం లేదు. వంతు వచ్చాక రామలక్ష్మమ్మ చెవి దగ్గర, జయంతి చూడకుండా, కాస్త వంగి అరిచాడు.

"నీ మిషన్ను కడసారి చూసినట్టుంటాదని వచ్చినానక్కా!"

"కడసారి ఏంది?"

"ఉగాది మర్నాడు లారీ వస్తాదంట గదా! మిషన్ పోతే కుందుర్పికి పోవాల, కుందుర్పికి పోలీసులు పోనీరు. అందుకే ఊరంతా ఉండేదంతా ఆడించుకుంటాండారు!"

రామలక్ష్మమ్మ చేతిలో చేట అట్లాగే ఆగిపోయింది. ఈ జనమంతా మిషన్ మీద ప్రేమతో వచ్చారనుకుందామె. చావుబతుకుల్లో ఉన్న మనిషిని ఆఖరి చూపు చూడ్డానికి వచ్చినట్టు వచ్చారన్న మాట. కొడుకు వైపు చూసింది. వాడు తల వంచుకుని సంచి మూతి విప్పుతున్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "ఉగాది పోనీలే" అన్నది తనే కదా. ఆ కోపంతోనే ఇంకో పది సంచులు ఆడించింది.

బుధవారం ఉగాది. మామిడాకులు కట్టిన ఇళ్ళు కొన్నే, ఓళిగలు, అదే బొబ్బట్లు, వండిన ఇళ్ళు ఇంకా తక్కువ, మిషన్ ముందర మాత్రం ఊరంతా ఉంది. మోటారు స్విచ్చు వేయబోతుండగా వీధి మలుపులోంచి అరుణజ్యోతి కేకలు వేసుకుంటూ వచ్చింది. ఊళ్ళో పెద్ద సేద్యం వాళ్ళది. సోమవారం మొదటి సంచులు ఆ ఇంటివే. నెత్తి మీద గంప దించి, మిషన్ గుమ్మంలో ధడేలున బోర్లించింది. పిండి పొడిగా రాలలేదు. గడ్డలు గడ్డలుగా పడింది. గుండ్రాల్లో ఉన్నవాళ్ళు దూరం నుంచే ముక్కులు మూసుకున్నారు.

"చూడండప్పా రామలక్ష్మొదిన ఆడిచ్చిన పిండి! పండగపూట పిల్లోళ్ళకు సంగటి చేస్తామని మూట విప్పితే ఈ కంపు! సంచులకు సంచులు పాడైపాయ! ఈ మిషన్ ఉంటే ఎంత, పోతే ఎంత!"

రామలక్ష్మమ్మకు ఆ మాటలు సగం కూడా అందలేదు. అందాల్సిన పని లేదు. వంగి ఒక గడ్డ తీసుకుని, వేళ్ళతో నలిపి, తువ్వాలు జరిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె మిషన్లోంచి చెడిన పిండి బయటికి పోవడం అదే మొదటిసారి. గుమ్మంలో చతికిలబడి, ఆ గడ్డను అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. సోమవారం ఆడించుకున్న వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు తమ మూటలు విప్పి చూడ్డానికి ఇళ్ళకు పరిగెత్తారు.

లక్ష్మీపతి భుజం మీద ఉన్న సంచిని కింద పడేశాడు.

"అత్తా, నువ్వు మా అమ్మను అనొద్దు!" వాడి గొంతు వీధి చివరిదాకా వినపడింది. "ఆదివారం సాయంత్రం కడిగిన రాగులు సోమవారం పొద్దున్నే ఎత్తుకోని వస్తివి. ఎప్పుడు ఎండినాయి అవి? సంచి అడుగు నా భుజానికి చల్లగా తగిలింది. నాకు తెలిసింది. జనం తొందర పెడతాండారని నోరు మూసుకోని తొట్టిలో పోసేస్తి. తప్పు నాది. మా ఇంట్లో గింజలుండాయి, నీకెంత కావాల్నో కొలుచుకోని పో. మా అమ్మ పండ్లతో కొరికి చూసినన్నాళ్ళు ఎవురి పిండన్నా పాడైందా ఈ ఊర్లో? చెప్పండి!"

అరుణజ్యోతి పైట సర్దుకుంది. సంచి కట్టింది ఆమే కదా, తడి సంగతి ఆమెకు తెలియకపోలేదు.

కొడుకు ఏమన్నాడో రామలక్ష్మమ్మకు తెలియదు, తన తరఫున అరిచాడని మాత్రం తెలిసింది. అది చాలు. లేచి నిలబడింది. మిషన్ దగ్గరికి పోయి, చక్రాల మీది నుంచి బెల్టు లాగేసి, పాలేగారు తుపాకీ వేసుకున్నట్టు ఎడమ భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇనుకోండి! ఈ బెల్టు నా భుజం దిగేవరకూ ఎవురి పిండీ ఆడదు! సంచులన్నీ ఇండ్లకు ఎత్తకపోండి. గింజలు గింజలుగానే ఉండనీండి, పురుగు కూడా ముట్టదు. ఏ ఇంటికైనా వారానికి సరిపడా తెండి, అయిపోతే మళ్ళ తెండి. మీ యవ్వలు, తాతలు ఇట్లనే గదా తిన్నారు? కరోనా వస్తే మీకు బుద్ధి కూడా పోయిందా?"

"వారం పోయినంక మిషన్ ఉంటాదా అక్కా?" బుడేన్ సాబ్ తన గుండ్రంలోంచి రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచాడు. "రేపు లారీ వస్తాదంట గదా! పోయినంక రాగులు నమిలి మింగాల్నా?"

ఇది ఆమెకు స్పష్టంగా వినపడింది. ఊరంతా లక్ష్మీపతి వైపు చూసింది. ఆమె కూడా చూసింది. వాడు గోడకున్న కొక్కేన్ని చూస్తూ నిలబడ్డాడు, అవునని కాని కాదని కాని అనలేదు. ఎత్తాల్సిన భుజం వాడిది. వాడు ఇవ్వని మాట తను ఎట్లా ఇస్తుంది? ఆమె జనం వైపు తిరిగి మళ్ళీ కేకేసింది.

"రేపటి సంగతి రేపు. ఈ పొద్దు మిషన్ ఉండాది, నేనుండా. కాని నేను కొరక్కూడదంట, ఈ జయంతి పాప ఒప్పుకోదు. కాబట్టి ఎవురి గింజ వాళ్ళే కొరకండి! నా ఎదురుగా, ఆ గుండ్రంలోనే నిలబడి! మీ దవడ చూసి నేను చెప్తా!"

జయంతి ఒక్క నిమిషం ఆలోచించింది. ఎవరి ఇంటి గింజ వాళ్ళ నోట్లోకే పోతుంది, మధ్యలో ఎడం ఉంది. "మాట్లాడకుండా, దగ్గకుండా, కొరికి మళ్ళ గుడ్డ కట్టేసుకోవాల" అని ఒప్పుకుంది. వరుసలో నవ్వు పుట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు పాకింది.

ఆ పొద్దున ఉలవగుట్టలో జరిగింది చూడాల్సిందే! సున్నం గుండ్రంలో నిలబడి, గుడ్డ కిందికి లాగి, నాలుగు రాగులు నోట్లో వేసుకుని, ఊరిజనం ఒకరి తర్వాత ఒకరు రామలక్ష్మమ్మ ముందర దవడలు ఆడించారు. ఆమె నడుం మీద చేయి పెట్టుకుని, కళ్ళు చికిలించి చూసింది. ఎండిన గింజ పగిలితే దవడ చిన్నగా అదురుతుంది, పచ్చిగింజ అణిగితే అదరదు. ఏళ్ళ తరబడి తన దవడ తను ఎరిగిన మనిషి, ఎదుటివాళ్ళ దవడ పోల్చుకోలేదా?

"నీది పో ముందుకు! నీది ఇంగొక ఎండ! ఏమప్పా, నువ్వు ఉత్త పండ్లు కొరికినావు, గింజ వేసుకోలేదు, నాకు తెల్దనుకున్నావా?"

దొరికిపోయిన ఆయన సిగ్గుపడి గంప ఎత్తుకున్నాడు. వీధి వీధంతా పగలబడి నవ్వింది. రోగం వచ్చిందన్న మాట విన్నాక ఆ ఊళ్ళో అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. బుడేన్ సాబ్ ఇంట్లో మిగిలిన గింజలు గట్టివి, ఆయన పన్ను కదిలింది. అరుణజ్యోతి ఇంటికి పోయి, తేబోతున్న మిగతా సంచుల్ని ఆపించి, ఒక చిన్న గంపతో వచ్చి ఆఖరి గుండ్రంలో నిలబడింది.

లక్ష్మీపతి ఆ వరుస చివరి దాకా తిరిగి, ఎక్కువ తెచ్చిన వాళ్ళకు సగం తగ్గించి, ఎండనివాళ్ళను మిద్దె మీదికి పంపి, చెమటలు కక్కుతూ, ఎప్పుడు మొదలైందో వాడికే తెలియకుండా నవ్వుతూ ఉన్నాడు. "మిషన్ లచ్చుమపతీ, నాది చూడప్పా!" అని ఎవరో పిలిచారు. వాళ్ళ నాయన్ను మిషన్ ఎర్రప్ప అని పిలిచేవాళ్ళు. వాడు వెంటనే, "వస్తి, వస్తి" అన్నాడు.

అప్పుడే వాడి జేబులో ఫోను మోగింది. మిషన్ ఇంకా కదల్లేదు, రామలక్ష్మమ్మ వీపు తిప్పుకుని బెల్టును మళ్ళీ చక్రాలకు ఎక్కిస్తోంది. లక్ష్మీపతి గుమ్మం పక్కకు వచ్చి ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల హిందూపురం వ్యాపారి. ఆ మనిషి ఎక్కడ సంపాదించాడో, లారీకి పాసు సంపాదించాడట, రేపు పొద్దున్నే పంపిస్తాడట. వరుసలో నవ్వులు ఆగిపోయాయి. అందరూ ఆ ఒక్క గొంతే వింటున్నారు.

"లేదన్నా... లారీ పంపొద్దు... మాట ఇచ్చినా, నిజమే, తప్పైపాయ, ఏమన్నా అనుకో... మిషన్ ఇయ్యం... కాదన్నా, ధర కోసరం కాదు... ముసిల్ది యాడ ఎత్తుతాది? నేను ఎత్తుతా. ఆటో తోలేటప్పుడు కూడా పొద్దున్నే ఎత్తి పోతా... సరేన్నా, ఉగాది శుభాకాంక్షలు."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. రామలక్ష్మమ్మ బెల్టు బిగించి ఇటు తిరిగి, బిగుసుకుపోయిన ముఖాలు చూసి బెదిరిపోయింది.

"ఏమైంది? అట్ల నిలబడినారేంది? ఎవురికన్నా ఏమన్నా అయిందా?"

బుడేన్ సాబ్ ఏదో చెప్పాడు. మూతికి గుడ్డ, పైగా ఆనందంలో మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆమెకు ముక్క అందలేదు. "గుడ్డ తీసి చెప్పు!" అంది ఆమె. "తీయొద్దు!" అని జయంతి అరిచింది. ఇక లాభం లేదని, గుండ్రాల్లో ఉన్న జనమంతా, ఆడా మగా, ముసలీ ముతకా, అరుణజ్యోతితో సహా, ఒక్కసారిగా గొంతెత్తారు.

"నీ కొడుకు మిషన్ ఇయ్యనన్నాడంట! తనే ఎత్తుతాడంట!"

ఆమె కొడుకు వైపు చూసింది. వాడు అవునన్నట్టు తల ఊపి, ఎటో చూస్తూ ముఖం మీద పిండి తుడుచుకున్నాడు. అంత సంతోషం రామలక్ష్మమ్మ తట్టుకోలేకపోయింది. ఏం చేయాలో తోచక, జనం వైపు తిరిగి కస్సుమంది.

"అట్ల అరుస్తారేంది? నాకేమన్నా చెవుడా?"

అని చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుని స్విచ్చు వేసింది. లక్ష్మీపతి మొదటి గంప ఎత్తాడు.